మూడడుగుల చెరువు

ఇవాళ పొద్దున్న పొయ్యి మీద ఇడ్లీలు పెట్టానో లేదో, కొత్తపేట నుంచి మా ఆడపడుచు ఫోను. మేడ మీద కొత్తగా వాటా వేసుకున్నారు వాళ్ళు, వచ్చే నెలలో పాలు పొంగించుకుంటారు. అందులోకి చేపల తొట్టి కొంటోందిట, దానికి మా తొట్టిలోని స్పాంజి ముక్క కావాలిట. "పాతదే కావాలొదినా. కడిగెయ్యకు. ఆ జిడ్డూ మురికీ అలాగే ఉండాలి" అంది. మంచినీళ్ళ గ్లాసు కూడా రెండుసార్లు తొలిస్తే గానీ పెదవికి ఆనించని మనిషి! నాకు నవ్వాగలేదు. "ఏంటొదినా, నవ్వుతావేం?" అంటోంది అవతల్నుంచి. సరేనని ఫోను పెట్టేసి, హాల్లోకి వెళ్ళి తొట్టి ముందు నుంచున్నాను. ఫిల్టరు ఎప్పటిలాగే గురగురమంటోంది. నల్ల చేప నాకేసి వచ్చి, నా చేతిలో మేత డబ్బా లేదని చూసుకుని, విసుగ్గా వెనక్కి తిరిగింది.

ఏడేళ్ళ కిందట మేం అమలాపురంలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు ఈ తొట్టి తెచ్చింది ఆవిడే. మూడడుగుల పొడవు అద్దాల పెట్టె, అడుగున నీలం గులకరాళ్ళు, బుడగలు వదిలే ప్లాస్టిక్ శంఖం. దాన్ని ఈశాన్యంలో పెట్టాలిట. ఎనిమిది ఎర్ర చేపలూ ఒక నల్ల చేపా ఉండాలిట. ఇంటికి రాబోయే చెడు ఏదైనా ఉంటే నల్లది తన మీద వేసుకుంటుందిట. ఎవరు చెప్పారో తెలీదు, ఫోన్లో వచ్చి ఉంటుంది. చేపల దుకాణం ఆయన పాపం మంచివాడు. "నీళ్ళు పోసి నెల్రోజులు ఊరికే తిరగనివ్వండమ్మా, అప్పుడు వేసుకుందురుగాని చేపలు" అన్నాట్ట. మా ఆడపడుచు వింటుందా? ముహూర్తం బుధవారం పొద్దున్న ఏడూ ఇరవైకి. "ఖాళీ తొట్టితో గృహప్రవేశం చేస్తారేంటొదినా, ఎక్కడైనా ఉందా? ఆలస్యం అమృతం విషం" అని, పాలు పొంగిన మరుక్షణం తొమ్మిది చేపల్నీ కవర్లోంచి తొట్టిలోకి దింపించేసింది. ఆ కుళాయి నీళ్ళు పట్టి అప్పటికి గంటయినా కాలేదు. పంతులుగారు మంత్రం చదివి, మాతో పాటు తొట్టిలో కూడా గుప్పెడు అక్షింతలు వేసేశారు. పసుపు బియ్యం మెల్లిగా కిందికి దిగుతుంటే చేపలు గబగబా నోళ్ళు తెరిచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నేను కొట్టడమే విడ్డూరం. ఎందుకంటే నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా ఏటా పిల్లలకి నత్రజని వలయం చెబుతున్నాను. జీవుల వ్యర్థాలు కుళ్ళి అమ్మోనియా అవుతాయి, ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, మధ్యమధ్య బాణాలు. ఆ బాణాలు నేను ఎంత ముచ్చటగా గీస్తానంటే, పై నుంచి తనిఖీకి ఎవరైనా వస్తే మా హెడ్మాస్టరుగారు వాళ్ళని తిన్నగా నా క్లాసుకే తీసుకొచ్చేవారు. అంత చదువూ చెప్పిన దాన్ని, నిన్న కొన్న అద్దాల పెట్టెలోకి ఆ బాక్టీరియా ఎక్కణ్ణుంచి వస్తుంది, అది రాకపోతే అమ్మోనియా ఎక్కడికి పోతుంది అన్న ఆలోచనే నా బుర్రకి తట్టలేదంటే నమ్మండి. బోర్డు మీది చదువు బోర్డు మీదే ఉండిపోయింది, నేను మాత్రం బంతికి వడ్డించడానికి వెళ్ళిపోయాను.

మిగతా పాపం మా మర్యాదలది. మా కోనసీమలో ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టడం మర్యాద కాదు. "బాబోయ్, ఇంక నా వల్ల కాదండీ" అని విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టేదాకా పెట్టడం మర్యాద. అడ్డం పెట్టిన చేతి మీద కూడా నెయ్యి పోసేస్తారు. మా అత్తగారు ఆ విద్యలో ఆరితేరిన మనిషి. చేపలకేమో చెయ్యి అడ్డం పెట్టడం తెలీదాయె! మనిషి నీడ పడితే చాలు, పైకొచ్చి నోరు తెరుస్తాయి. "అయ్యో, ఆకలి కాబోలు పాపం" అని ఆవిడ ఒక చిటికెడు మేత వేసేవారు. కొత్తిల్లు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళ చేతా ఒక చిటికెడు వేయించేవారు. "వెయ్యండి, వెయ్యండి, మొహమాటపడకండి" అని డబ్బా చేతికిచ్చేసేవారు. కాజా ముక్క నలిపి వేసిన మహానుభావులు కూడా ఉన్నారు. అది చాలదన్నట్టు రోజూ పొద్దున్నే ఫిల్టరు విప్పించి, లోపలి స్పాంజిని కుళాయి కింద పెట్టి, కొబ్బరిపీచుతో తోమి, గట్టిగా పిండి ఎండలో ఆరేసేవారు. "ఆ జిడ్డు చూడమ్మా, ఆ నీళ్ళు తాగితే వాటికి రోగాలు రావూ?" అనేవారు. అవునండీ అన్నాను నేను, సైన్సు టీచర్ని.

ఇదంతా హాల్లో ఓ మూల పడక్కుర్చీలో కూచుని మా మావగారు చూస్తూనే ఉన్నారు. చూస్తున్నారని మేమెవరమూ అనుకోలేదు. అప్పటికి మూడేళ్ళుగా ఆయన దేన్నీ పట్టించుకోవడం మానేశారు. రాజోలు పక్క ఊళ్ళో మూడెకరాల రొయ్యల చెరువు ఉండేది ఆయనకి. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని, రంగు చూసి, వాసన చూసి, ఇవాళ మేత ఎంత వెయ్యాలో చెప్పేవారు. చుట్టుపక్కల రైతులు బతిమాలి తమ చెరువు గట్ల మీదికి తీసుకెళ్ళేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో నన్నూ గట్టెక్కించి, "ఈ నీళ్ళేం చెబుతున్నాయో చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టేవారు. అలాంటి మనిషికి ఒక ఏడు, పంట చేతికి రాకముందే, ఒక పొద్దున్న చెరువంతా చచ్చిన రొయ్యలతో తెల్లగా తేలిపోయింది. రోగమన్నారు కొందరు, దిష్టన్నారు కొందరు. ఆయన గట్టు దిగొచ్చి, కాళ్ళు కడుక్కుని కూచున్నారు. "నా చెయ్యి నీళ్ళకి పనికిరాదర్రా" అని ఒక్క ముక్క అన్నారు, అంతే. తరవాత మాతో పాటే అమలాపురం వచ్చేశారు. చెరువు పూడ్చేసి కొబ్బరి పాతెయ్యమని ఆయనే చెబితే, వరికోతలు అవగానే మట్టి తోలడానికి మావారు లారీలు మాట్లాడేశారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. చెరువు కోసం కాదు. గట్టెక్కి పరీక్షలు పెట్టిన ఆ మనిషిని కూడా దాంతో పాటే పూడ్చేస్తున్నట్టు అనిపించింది.

గృహప్రవేశం అయిన ఐదో రోజు, ఆదివారం పొద్దున్న, రెండు ఎర్ర చేపలు తేలాయి. మా ఆడపడుచుకి ఫోను చేస్తే, "ఇంటికున్న చెడు తీసుకుపోయాయొదినా, మంచిదే" అంది. చెడు తన మీద వేసుకోవాల్సిన నల్లది మాత్రం నిక్షేపంలా తిరుగుతోంది. మిగతావి నీళ్ళ పైకొచ్చి రొప్పుతున్నాయి. మా అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "వీటికైనా కాస్త బలం ఉండాలి" అంటూ మేత డబ్బా మూత తీశారు.

"ఆ డబ్బా అక్కడ పెట్టెయ్" అని పడక్కుర్చీలోంచి వినిపించింది.

అందరం వెనక్కి తిరిగాం. ఆయన లేచొచ్చి, తొట్టిలో చెయ్యి ముంచి, దోసిట్లో నీళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "కొత్త గుంటలో చేపపిల్ల వదిలేసేరు. పైగా పూటపూటా పెళ్ళిభోజనం పెడుతున్నారు. బతుకుతాయేంటి?"

"మరి ముందే చెప్పొచ్చు కదండీ!" అన్నారు మా అత్తగారు.

"నన్నెవరడిగేరు?" అని, తడి చెయ్యి పంచెకి తుడుచుకుని, మళ్ళీ కుర్చీ వైపు నడిచారు ఆయన.

"ఇప్పుడు నేనడుగుతున్నానండీ మావయ్యగారూ. ఏం చెయ్యాలి?" అన్నాను.

"నేను చెయ్యి పెట్టకపోవడమే మంచిదమ్మా. ఈ తొట్టెడు నీళ్ళు కూడా నా చేతిలో పోయేయంటే ఇంక నేను మనిషిని కాను."

నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తిక్క, "మీరు చెయ్యి పెట్టకపోయినా పోతూనే ఉన్నాయి కదండీ! పెట్టి చూడండి" అనేశాను. మావగారితో అలా మాట్లాడ్డం నాకదే మొదలు. నాలిక్కరుచుకున్నాను. ఆయన వెనక్కొచ్చి, తొట్టి మీదికి వంగి, "ఓ సీసా కడిగి తీసుకురా. నీళ్ళు పరీక్ష చేయించాలి" అన్నారు.

మర్నాడు బడికి సెలవు పెట్టి, ఆయన్ని ఆటోలో ఆక్వా ల్యాబుకి తీసుకెళ్ళాను. రొయ్యల రైతులు తమ తమ చెరువుల నీళ్ళు సీసాల్లో పట్టుకుని వరసగా బెంచీ మీద కూచున్నారు. మా మావగారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ మొహాల్లో సగం ఆయనకి తెలిసినవే. మూడేళ్ళుగా ఆయన తప్పించుకు తిరుగుతున్నది ఆ మొహాల్నే. నేను వెనక నుంచి జరక్కుండా నుంచున్నాను, వెనక్కి వెళ్ళడానికి దారి లేకుండా. మా వంతు వచ్చింది. ల్యాబు ఆయన పుస్తకం మీంచి తలెత్తకుండానే, "ఎన్నెకరాలండీ?" అన్నాడు.

"మూడడుగులండి" అన్నారు మా మావగారు.

"ఎకరాలండి, ఎకరాలు."

"ఆయ్, మూడడుగులేనండి. మా హాల్లో ఉంది."

అప్పుడు తలెత్తాడు ఆయన. బెంచీ మీదివాళ్ళంతా కూడా తలెత్తారు. అందులో ఒక పెద్దాయన గుర్తుపట్టి, "బావగారూ, మీరా! అయితే మళ్ళీ మొదలెట్టేరన్నమాట. పిల్ల ఎంత వదిలేరేంటి?" అన్నాడు.

"తొమ్మిదండి. రెండు పోయేయి."

ల్యాబంతా గొల్లుమంది. ఎగతాళి నవ్వు కాదది, మనవాడు దొరికాడన్న నవ్వు. పరీక్ష అయ్యాక ల్యాబు ఆయన కాగితం మీద ఎకరాలు అన్న చోట కొట్టేసి 'హాలు' అని రాసి, "అమ్మోనియా మండిపోతోందండీ. ఈ నీళ్ళలో మీ రొయ్యయితే పూట నిలవదు" అన్నాడు. మా మావగారు ఆ కాగితం చదువుకుని, 'హాలు' దగ్గర ఆగి, భుజాలు కదిలేలా నవ్వారు. మూడేళ్ళ తరవాత ఆ నవ్వు. నేను గోడ మీది మందుల ప్రకటన చదువుతున్నట్టు అటు తిరిగాను.

ఆ సాయంత్రమే ఇంట్లో ఆయన రాజ్యం మొదలైంది. రోజూ తొట్టిలో పావు వంతు నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాలి. అవి కూడా కుళాయి మందు వాసన పోయేలా ముందురోజే బకెట్లలో పట్టి ఉంచినవి కావాలి. మేత రెండు రోజులకోసారి, చిటికెలో సగం. ఏడు చేపలు ఎక్కువ, మూడు దుకాణంలో దిగబెట్టెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, పాత తొట్టిలో తిరిగిన స్పాంజి ఒకటి తెచ్చి మన ఫిల్టర్లో పెట్టాలి. "పాలకి తోడెయ్యకుండా పెరుగవుతుందేంటి? కొత్త చెరువుకి పాత చెరువు నీళ్ళు కలపమూ? ఇదీ అంతే" అన్నారు. మా అత్తగారు నోరు తెరిచేశారు. "అయితే నేను రోజూ తోడు గిన్నె తోమేస్తున్నానా! ముందే తోడని చెబితే దాని జోలికెళ్దునా?" అని నిజంగానే బాధపడిపోయారు. పద్దెనిమిదేళ్ళు బాణాలు గీసి నేను చెప్పలేని పాఠం అది, ఒక్క ముక్కలో అయిపోయింది. నేను చెప్పులేసుకుని దుకాణానికి బయల్దేరితే, ఆవిడ గుమ్మానికి అడ్డం వచ్చారు. "దీపాలు పెట్టే వేళ తోడు అడగడానికి వెళ్తారుటమ్మా ఎవరైనా? ఇచ్చేవాళ్ళకీ మంచిది కాదు." అది పెరుగు కాదండీ, స్పాంజి అన్నాను. "తోడని మీ మావగారేగా అన్నారు!" అన్నారు. చెప్పులు విడిచేసి, తెల్లవారాకే వెళ్ళి తెచ్చాను.

అక్కణ్ణుంచి మా అత్తగారు పడ్డ బాధ చెప్పనలవి కాదు. "ఏకాదశి కాదు, శివరాత్రి కాదు, నోరులేని జీవాలకి ఈ ఉపవాసాలేంటండీ?" అనేవారు. చేపలు పస్తున్న రోజున ఆవిడకీ ముద్ద దిగేది కాదు. ఎవరైనా వచ్చి డబ్బా మీద చెయ్యేస్తే మాత్రం, "వద్దండీ, వాటికి పథ్యం" అని లాక్కుని, ఆ వేసే చేతిలో రెండు కాజాలు పెట్టేవారు. మా మావగారు అటక మీంచి తన పాత పరీక్ష పెట్టె దింపించుకున్నారు. రోజూ పొద్దున్నే చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి, అమ్మోనియా తెలిపే మందు చుక్కలు వేసి, వెలుతుర్లో పట్టుకుని చూసేవారు. పసుపుగా ఉంటే మంచిది, ఆకుపచ్చకి తిరిగితే విషం. ఆ సంగతి క్యాలెండర్లో రాసేవారు. మా అత్తగారు పాలవాడు రాని రోజులకి సున్నాలు చుట్టే క్యాలెండరే అది. ఆ నెలలో ఏ గుర్తు ఎవరిదో తెలియక, రోజూ వచ్చిన పాలవాడితో ఆవిడ ఒకసారి తగువు కూడా పెట్టుకున్నారు.

మూడోవారానికి ఆకుపచ్చ తగ్గి పసుపు కనిపిస్తోంది. గెలిచామనుకున్నాం. సరిగ్గా అప్పుడే నల్ల చేప గులకరాళ్ళ మీద ఒరిగిపోయింది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. మా మావగారు తొట్టి ముందు నేల మీదే చతికిలబడ్డారు. నేను పక్కన కూచున్నాను. నా రెండో బాణం అప్పటికి గుర్తొచ్చింది నాకు. "అమ్మోనియా పోయి నైట్రైట్ అయిందండీ. అదీ విషమే. దాన్ని తినే బాక్టీరియా ఇంకా ఎదగలేదు" అన్నాను. ఆయన నాకేసి వింతగా చూశారు. "ఇది నీకు తెలుసా?" అన్నారు. తెలుసండీ అన్నాను తల దించుకుని. ఆయన వంటింట్లోంచి కల్లుప్పు తెప్పించి, లెక్కగా కాస్త కరిగించి పోశారు. సగం నీళ్ళు మార్చారు. ఇంక చూస్తూ కూచోవడమే మిగిలింది. అలా కూచుని ఉండగా, తొట్టికేసే చూస్తూ చెప్పారు.

"ఆ ఏడు వచ్చింది రోగం కాదమ్మా. దిష్టీ కాదు. అందరూ పిల్ల వదిలేస్తున్నారని నేనూ వదిలేసేను. నీళ్ళలో సన్న నాచు పుట్టి రంగు రావాలి, ఇంకా రాలేదు. నాకు తెలుసు. తెలిసే వదిలేసేను. పదిహేను రోజులు ఆగలేకపోయేను."

ఆ మాట ఆయన మా అత్తగారికి కూడా చెప్పలేదని నాకు తరవాత తెలిసింది. చెయ్యి మంచిది కాదని మూడేళ్ళు అందర్నీ నమ్మించారు, తొందరపడ్డానని చెప్పుకోలేక. ఓదార్చే మాటలు నాకు చేతకావు. "ఇప్పుడు ఆగుతున్నారు కదండీ" అన్నాను. మధ్యాహ్నానికి నల్ల చేప ఒకసారి లేచి, నాలుగు బెత్తెలు ఈది, మళ్ళీ కూలబడింది. మర్నాటికి లేచే ఉంది. మేత డబ్బా చప్పుడైతే పైకి కూడా వచ్చింది.

నలభై ఒకటో రోజు పొద్దున్న అమ్మోనియా పరీక్షా, నైట్రైటు పరీక్షా రెండూ సున్నా చూపించాయి. అప్పటికి వరసగా మూడో రోజది. నాలుగు చేపలూ నాలుగు మూలలా తిరుగుతున్నాయి. నీళ్ళు మంచినీళ్ళలా ఉన్నాయి. క్యాలెండరు గడిలో గుర్తు పెడుతుండగానే మావారి ఫోను మోగింది. లారీ ఆయన. కోతలైపోయాయి, రేపటి నుంచి చెరువులో మట్టి పోయించెయ్యమంటారా అని. మావారు ఫోను చేత్తో మూసి, తండ్రికేసి చూశారు.

"వద్దని చెప్పు" అన్నారు మా మావగారు.

"ఎన్నాళ్ళు ఆగమనను నాన్నా?"

"ఆగమని కాదురా, వద్దని చెప్పు. చెరువు దున్నించాలి. సున్నం చల్లాలి. నీళ్ళు పెట్టి రంగొచ్చేదాకా కూచోవాలి."

"రంగు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందేంటి?"

"ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. నాకేం తొందర?"

మా అత్తగారు వంటింటి గుమ్మంలోంచి, మేత డబ్బా రెండు చేతులా గుండెకి హత్తుకుని, "ఏవండీ, ఇవాళైనా ఇంకో చిటికెడు వెయ్యనా?" అన్నారు. ఆయన వెయ్యమన్నారు. మూడేళ్ళలో మేమందరం ఒక్కసారిగా ఏడ్చింది ఆ చిటికెడు మేత కోసమే.

ఇప్పుడు ఆయనకి డెబ్బై ఏడు. మొన్నే కొత్త పంటకి నీళ్ళు పెట్టారు. పొద్దున్నే బస్సులో వెళ్ళి, గట్టు మీద కుర్చీ వేసుకుని, రంగు కోసం చూసి, మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తారు. పక్క చెరువుల వాళ్ళందరూ పిల్ల వదిలేశారుట. ఇవాళ భోజనాల దగ్గర మా ఆడపడుచు ఫోను సంగతి చెప్పాను. "చేపలెప్పుడు వేస్తుందిట?" అన్నారు ముద్ద ఆపి. గృహప్రవేశానికి తోడు మాత్రం పెడుతుందిట, చేపల్ని ఆ నీళ్ళు చూసుకుని వేస్తుందిట అన్నాను. "ఆయ్, బాగుపడింది" అని పెరుగు కలుపుకున్నారు. రేపు స్పాంజిలో సగం కోసి, మా తొట్టి నీళ్ళే పోసిన కవర్లో పెట్టి కొత్తపేట బస్సెక్కాలి. దీపాలు పెట్టకముందే ఇచ్చి రమ్మని మా అత్తగారు ఇప్పటికి రెండుసార్లు చెప్పారు.

బడిలో ఆ పాఠం నేను ఇప్పటికీ చెబుతున్నాను. బోర్డు మీద ఒక బాణం గీయడానికి నాకు ఒక్క క్షణం చాలు. అదే బాణం మా హాల్లో దాటడానికి నలభై ఒక్క రోజులు పట్టింది, మా మావగారికి మూడేళ్ళు పట్టింది.